ఎవరికీ లేని పేరు: నల్లగొండ, పాలమూరు ఇళ్లలో బిడ్డ పేరు చుట్టూ ఉన్న చిక్కుముడులు

బిడ్డ పుట్టి ఇరవై ఒకటో రోజు దగ్గర పడుతున్నదంటే చాలు, నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ఇంటిల్లిపాదీ ఒకే మాట అడుగుతున్నారు: "ఎవ్వరికీ లేని పేరు ఉంటే చెప్పండి." పంచాంగం చూసే అయ్యగారిని అడుగుతారు, ఊళ్లోని తెలుగు పంతులును అడుగుతారు, హైదరాబాదులో ఉద్యోగం చేసే మేనమామను అడుగుతారు, అర్ధరాత్రి దాకా ఫోనులో జాబితాలు తిరగేస్తారు. ఇంత వెతికి, తొట్టెల నాడు మేనత్త బిడ్డ చెవిలో చెప్పిన పేరు, ఆ బిడ్డ బడికి వెళ్లే వేళకు అదే తరగతిలో మరో ఇద్దరికి ఉంటున్నది. అందరూ ఒకే కాలంలో, ఒకే చోట అరుదైన పేరును వెతకడం వల్ల వచ్చిన చిక్కు ఇది. పేరు అరుదైనదా కాదా అన్నది ఆ పేరును మాత్రమే చూసి చెప్పలేము. దాన్ని ఏ ఊరు పలుకుతున్నది, ఏ తరం పలుకుతున్నది, అది ఎక్కడి నుంచి వచ్చింది అన్నవి చూసి చెప్పాలి.

యాదగిరి అనే పేరునే తీసుకుందాం. రెండు తరాల కిందట భువనగిరి, ఆలేరు, మోత్కూరు ప్రాంతాల్లో ఏ ఊళ్లో ఆ పేరు పెట్టి పిలిచినా ఒకరికి నలుగురు పలికేవారు. గుట్ట మీది నరసింహస్వామికి మొక్కుకుంటే పుట్టిన కొడుకు యాదగిరి లేదా యాదయ్య, కూతురు యాదమ్మ. చెరువుగట్టు రామలింగేశ్వరుడికి మొక్కినవారి ఇంట్లో రామలింగం, లింగస్వామి పుట్టేవారు. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామికి బోనం తీసినవారి ఇంట్లో లింగయ్య, లింగమ్మ పుట్టేవారు. పాలమూరు వైపు వెళితే పేర్లు మారిపోతాయి: కురుమూర్తి జాతరకు వెళ్లే ఊళ్లలో కురుమయ్య, కురుమమ్మ, అలంపురం చుట్టూ జోగమ్మ, జోగులు, గద్వాల దగ్గర మల్దకల్ స్వామి పేరున తిమ్మప్ప, అచ్చంపేట నుంచి నల్లమల మీదుగా శ్రీశైలం దారి పట్టే ఊళ్లలో మల్లయ్య, మల్లేశం, చివరకు క్షేత్రం పేరే మనిషి పేరుగా శ్రీశైలం. పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకున్న హిందువుల ఇళ్లలో సైదులు, సైదయ్య, సైదమ్మ ఉన్నారు. పీర్ల పండుగ నాడు మొక్కుకున్నవారి ఇళ్లలో పీరయ్య, పీరమ్మ ఉన్నారు. దేవరకొండ తండాల్లో సోమవారం పుట్టినవాడు సోమ్లా, మంగళవారం పుట్టిన పిల్ల మంగ్లి. పేరు వింటే ఆ మనిషి ఏ జాతరకు నడిచి వెళ్లిన ఇంటివాడో తెలిసిపోయేది. ఇంతమందికి ఒకే పేరు ఉండటం ఆ కాలానికి ఇబ్బంది అనిపించలేదు, ఎందుకంటే మనిషిని గుర్తుపట్టే పని పేరు ఒక్కటే చేయలేదు. ఇంటిపేరు, తండ్రి పేరు, పెద్ద చిన్న అనే వరుస, చేసే పని, ఉండే వాడ, ఇవన్నీ కలిసి ఆ పని చేసేవి.

వీటి పక్కనే మరో రకం పేర్లు ఉన్నాయి. వరుసగా పిల్లలు పోయిన ఇంట్లో ఒక బిడ్డ దక్కితే, ఆ బిడ్డపై చావు కన్ను పడకూడదని పనికిరాని వస్తువు పేరు పెట్టేవారు. పెంట మీద పడుకోబెట్టి తీసుకున్న బిడ్డ పెంటయ్య, పెంటమ్మ. ఎంగిలి విస్తరిలో వేసి తీసుకున్నవాడు పుల్లయ్య. ఇరుగుపొరుగు నుంచి బిచ్చంగా అడిగి తెచ్చుకున్నట్టు భావించిన బిడ్డ బిచ్చయ్య, బిక్షం, బిక్షపతి. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో బిక్షం, బిక్షమయ్య అనే పేర్లు ఎంతగా వ్యాపించాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఆ పేరు ఉన్న ప్రతి పెద్దమనిషి వెనుక అతనికంటే ముందు పుట్టి పోయిన అన్నలో అక్కలో ఉండవచ్చునన్న సంగతి మాత్రం నేటి తరం మరిచిపోతున్నది. బిడ్డల ప్రాణం నిలవని కాలంలో తల్లిదండ్రులు తమ చేతిలో ఉన్న ఒకే ఆయుధాన్ని, అంటే పేరును, వాడుకున్నారు. ఈ పేర్లను మోటు పేర్లని తీసిపారేసేవారితో నేను ఏకీభవించను.

అయినా, కొత్త పేరు కోసం నేటి తల్లిదండ్రులు పడే తపనను వట్టి మోజుగా చూడటం కూడా అన్యాయమే. మనుస్మృతి రెండో అధ్యాయం బ్రాహ్మణుడి పేరు మంగళకరంగా, క్షత్రియుడి పేరు బలాన్ని సూచించేలా, వైశ్యుడి పేరు ధనాన్ని సూచించేలా ఉండాలని చెప్పి, శూద్రుడి పేరు జుగుప్స కలిగించేలా ఉండాలని విధించింది. ఆ శ్లోకం ఎవరూ చదవని ఊళ్లలో కూడా దాని ఆచరణ నడిచింది. దొరల గడీ ముందు యాదయ్య ఎన్నడూ యాదయ్య కాలేదు, యాదిగాడే అయ్యాడు. ఎల్లమ్మ ఎల్లి అయింది, మల్లయ్య మల్లిగాడు అయ్యాడు. పేరు చివరి 'అయ్య'ను కోసివేయడం ద్వారా మనిషిని తగ్గించిన కాలం అది. తాతను అలా పిలవగా విన్న మనవడు, తన బిడ్డ పేరు వినగానే వాడ, కులం ఎవరికీ తెలియకూడదనుకుంటే, ఆ పేరును ఎవరూ సగానికి కోసి పిలవలేకుండా ఉండాలనుకుంటే, అందులో తప్పేమీ లేదు. అరుదైన పేరు కోరడంలో నాకు కనిపించే బలమైన కారణం ఇదే. దీన్ని ఒప్పుకున్న తరువాతే మిగిలిన విమర్శకు అర్హత వస్తుంది.

మొదటి చిక్కు కాలానిది. యాదయ్యలు తమ కొడుకులకు రమేష్, సురేష్, శ్రీనివాస్ అనీ, కూతుళ్లకు స్వప్న, మాధవి, కవిత అనీ పెట్టినప్పుడు అవి ఆ ఊళ్లకు కొత్త పేర్లే. ఊరి దేవుడి గుర్తు లేని, ఎక్కడికి వెళ్లినా చెల్లే పేర్లు కావాలని ఏరి పెట్టుకున్నారు. ఒకే తరంలో అవి ప్రతి తరగతిలోనూ నిండిపోయాయి. ఆ రమేష్‌లు, స్వప్నలు తమ పిల్లలకు సాయి చేర్చిన పేర్లు, తరువాత శ్రీ చేర్చిన పేర్లు పెట్టారు. ఇప్పటి తల్లిదండ్రులు విహాన్, రియాన్ష్, ఆద్య, శాన్వి వైపు మళ్లారు. ప్రతి తరమూ ముందు తరం అరిగించిన పేర్ల నుంచి పారిపోయింది; పారిపోయినవారంతా ఒకే దిక్కుకు పోవడం వల్ల అక్కడా గుంపు కూడింది. నేడు ఆ గుంపు ఇంకా త్వరగా కూడుతున్నది, ఎందుకంటే మిర్యాలగూడలో ఒక తల్లి చూసే జాబితానే వనపర్తిలో మరో తల్లి చూస్తున్నది, నాగపూరులో ఇంకో తల్లి కూడా చూస్తున్నది. ఆ జాబితాలో 'అరుదైన పేర్లు' అన్న శీర్షిక కింద మొదట కనిపించే పది పేర్లు అరుదుగా ఉండే అవకాశమే లేదు.

రెండో చిక్కు అక్షరానిది. బిడ్డ పుట్టినప్పుడు చంద్రుడు ఏ నక్షత్రంలో, అందులో ఏ పాదంలో ఉన్నాడో చూసి, ఆ పాదానికి చెప్పిన అక్షరంతో పేరు మొదలుపెట్టాలన్నది మన ప్రాంతంలో చాలామంది పాటించే పద్ధతి. ఇరవై ఏడు నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగేసి పాదాలు, మొత్తం 108 అక్షరాలు. అశ్వినికి చూ, చే, చో, లా. రోహిణికి ఓ, వా, వీ, వూ. మఖకు మా, మీ, మూ, మే. స్వాతికి రూ, రే, రో, తా. ఈ పట్టికలో ఆర్ద్ర మూడో పాదానికి ఙ, హస్త మూడో పాదానికి ణ ఉన్నాయి. ఈ రెండింటితో తెలుగులో గాని సంస్కృతంలో గాని వాడుకలో ఉన్న పేరేదీ మొదలు కాదు. అప్పుడు అయ్యగారు దగ్గరి అక్షరమో, అదే నక్షత్రంలోని మరో పాదపు అక్షరమో ఇస్తారు. అంటే పద్ధతిలోనే సర్దుబాటుకు చోటు ఉన్నదన్నమాట. ఆశ్లేష పాదాలకు డీ, డూ, డే, డో వస్తాయి; పూర్వఫల్గుణి, ఉత్తరఫల్గుణి పాదాల్లో ట అక్షరాలు వస్తాయి. ఈ అక్షరాలు వచ్చిన ఇళ్లలోనే వింత పేర్లు ఎక్కువగా పుడతాయి, ఎందుకంటే ఆ అక్షరంతో ఉన్న మంచి పేర్లు కొద్ది. ఆ కొరతను తీర్చడానికి జాబితాలు పేర్లను తయారుచేసి ఇస్తాయి.

ఇక్కడ పెద్దలు ఎప్పుడో చూపిన దారి ఒకటి ఉంది. నక్షత్రాన్ని బట్టి పెట్టే జన్మనామం వేరు, లోకం పిలిచే వ్యవహార నామం వేరు. జన్మనామం సంకల్పంలో, పూజలో, పెళ్లి పొంతనల్లో పనికివస్తుంది. అది బియ్యంలో ఉంగరంతో రాసి, చెవిలో చెప్పితే చాలు. బడిలో, కాగితాల్లో ఉండే పేరుకు ఆ అక్షరం అక్కరలేదు. అక్షరం మీద నమ్మకం ఉన్నవారు ఈ రెండింటినీ వేరు చేసుకుంటే నమ్మకానికీ లోటు రాదు, బిడ్డకు డూ అక్షరంతో ఏదో ఒక శబ్దాన్ని కట్టబెట్టవలసిన అవసరమూ రాదు. అక్షరానికి తోడు సంఖ్యాశాస్త్రం చేరి, పేరులో మరో 'ఏ' గాని 'హెచ్' గాని కలపమన్నప్పుడు కథ మరింత ముదురుతుంది. దాని ఫలితం కాగితాల దగ్గర కనిపిస్తుంది.

మూడో చిక్కు అర్థానిది. జాబితాల్లో ప్రతి పేరు పక్కనా ఒక అర్థం ఉంటుంది. ఆ అర్థాన్ని ఎవరు నిర్ధారించారన్నది ఉండదు. ఆద్య అంటే మొదటిది, ధృతి అంటే ధైర్యం, స్థైర్యం, విహాన అంటే వేకువ, తన్వి అంటే సన్నని శరీరం గలది: ఇవి సంస్కృత నిఘంటువు తెరిస్తే దొరికే మాటలు. 'అంశ' అనే మాట కూడా దొరుకుతుంది. కాని దాని ముందు నచ్చిన రెండు అక్షరాలు చేర్చి రియాన్ష్, కియాన్ష్, హృయాన్ష్ అంటూ అల్లి, ప్రతిదానికీ ఫలానా దేవుని అంశ అని అర్థం చెప్పడం వేరే సంగతి. ఆ ముందు భాగానికి ఆ దేవుని పేరుతో సంబంధం ఉండదు. 'అంశ' చివరి అకారం ఉత్తరాది పలుకుబడిలో పోయి 'అంశ్' అయింది. అది ఆంగ్ల అక్షరాల్లోకి వెళ్లి, అక్కడి నుంచి తెలుగులోకి తిరిగి వచ్చేసరికి 'అన్ష్' అయింది. కొన్ని ఇళ్లలో తండ్రి పేరు నుంచి ఒక అక్షరం, తల్లి పేరు నుంచి ఒక అక్షరం తీసి కొత్త పేరు కడుతున్నారు. దీనిలో నాకు అభ్యంతరం లేదు. ఆ పేరుకు అమ్మానాన్నల పేర్లే అర్థం, అది నిజమైన అర్థం. అబద్ధపు సంస్కృతం కంటే అది ఎంతో మేలు. పేరు ఖాయం చేసే ముందు ఒక పని తప్పక చేయాలి: మంచి నిఘంటువులో చూడాలి, లేదా సంస్కృతం, తెలుగు బాగా చదువుకున్న ఒకరిని అడగాలి. 'వేద' చివర ఒక 'న' చేరితే పిలుపులో అది బాధ అనే అర్థం వచ్చే మాట అవుతుంది. అనామిక అంటే పేరు లేనిదని తెలిసి పెట్టుకోవడం వేరు, తెలియక పెట్టుకోవడం వేరు.

పేరును నిలబెట్టేది చివరికి నోరే. పారస్కర గృహ్యసూత్రం మగబిడ్డ పేరు రెండు లేదా నాలుగు అక్షరాలతో, నాదం గల హల్లుతో మొదలై, మధ్యలో య, ర, ల, వ వంటి అక్షరంతో ఉండాలనీ, ఆడబిడ్డ పేరు బేసి సంఖ్య అక్షరాలతో, దీర్ఘ ఆకారంతో ముగియాలనీ చెప్పింది. ఆ నియమాలన్నీ శబ్దానికి సంబంధించినవే. పైన నేను తప్పుపట్టిన మనుస్మృతే స్త్రీల పేర్ల విషయంలో సుఖంగా పలకగలిగేది, అర్థం స్పష్టంగా ఉండేది కావాలన్నది; ఆ ఒక్క మాట ఆడ, మగ, కులం అన్న భేదం లేకుండా ప్రతి బిడ్డకూ వర్తింపజేయవలసినది. మన నేల నాలుక పేర్లను తనకు అనువుగా మలుచుకుంటుంది. లక్ష్మయ్య లచ్చయ్య అయ్యాడు, సత్యమ్మ సత్తెమ్మ అయింది, కృష్ణయ్య కిష్టయ్య అయ్యాడు, వెంకటయ్య ఎంకటయ్య అయ్యాడు. వత్తులు తేలిపోతాయి, 'శ' 'స'లోకి జారుతుంది, 'హృ'లోని 'హ' వినిపించదు. హల్లుతో ఆగిపోయే పేరుకు పిలుపులో అచ్చు వచ్చి చేరుతుంది: విహాన్ విహానూ అవుతాడు, ఆరుష్ ఆరుషూ అవుతాడు. ఇది నాలుక లోపం కాదు, తెలుగు మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుంది. అందుచేత పేరు ఎంచుకునేటప్పుడు ఇంట్లో అందరికంటే పెద్దావిడ చేత దాన్ని నాలుగు రోజులు పిలిపించాలి. ఆమె నోట అది ఏమవుతుందో, బిడ్డను ఊరంతా పిలిచేది దాదాపు అలాగే. ఆమె మలిచిన రూపం వినడానికి బాగుంటే పేరు బతుకుతుంది. బాగుండకపోతే, కాగితం మీద ఒక పేరు ఉండి, ఊరిలో బుజ్జి, చిన్నా, చిట్టి అనే పిలుపు స్థిరపడుతుంది. చాలా అరుదైన పేర్లకు చివరికి జరిగేది ఇదే.

ఇక కాగితాల సంగతి. దీన్ని కొంచెం వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే అరుదైన పేరు పెట్టినవారు నిజంగా ఇబ్బంది పడేది ఇక్కడే. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. పుట్టిన 21 రోజుల్లోపు జననాన్ని నమోదు చేయించాలి. పల్లెలో పంచాయతీ కార్యదర్శి, పట్టణంలో మున్సిపాలిటీ ఆ పని చూస్తారు. ఆ నమోదుకు పేరు ఉండి తీరాలన్న నియమం లేదు. పేరు లేకుండా జననం నమోదు చేయించి, ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తరువాత ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల దాకా చేర్పించుకోవచ్చు. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేలోపే ఏదో ఒక పేరు చెప్పేయాలన్న కంగారు చాలామందిలో ఉంటుంది. ఆ కంగారులో చెప్పిన పేరును తరువాత మార్చుకోవడం మాత్రం తేలిక కాదు. రాతలో దొర్లిన తప్పును దిద్దడానికి చట్టంలో వీలు ఉంది గాని, పెట్టిన పేరు నచ్చక వేరే పేరు కావాలంటే అది తప్పు దిద్దడం కిందికి రాదు. 2023 సవరణ తరువాత, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి పుట్టిన తేదీ, స్థలం రుజువు చేసేది జనన ధ్రువపత్రమే. బడిలో చేర్చడానికి, ఆధార్‌కు, ఓటరు జాబితాకు, డ్రైవింగ్ లైసెన్సుకు, పెళ్లి నమోదుకు, పాస్‌పోర్టుకు దాన్నే చూస్తారు. కనుక ఆ పత్రంలో పడిన అక్షరాలు బిడ్డతో జీవితాంతం ఉంటాయి.

ఒక పేరును దగ్గరగా చూద్దాం. కృతిక అని పెట్టాలనుకున్నారు. ఆంగ్లంలో రాసేటప్పుడు 'కృ'ను మన వైపు 'యు' పెట్టి రాస్తారు, ఉత్తరాది వాడుకలో 'ఐ' పెట్టి రాస్తారు. 'తి'కి 'టీ' ఒక్కటే రాసేవారు ఉన్నారు, పక్కన 'హెచ్' చేర్చేవారు ఉన్నారు. చివర 'ఏ' ఒకటి కావచ్చు, రెండు కావచ్చు. ఈ మూడు చోట్ల రెండేసి దారులు ఉంటే మొత్తం ఎనిమిది రకాల రాతలు అవుతాయి. ఆస్పత్రి చీటీలో ఒక విధంగా, పంచాయతీలో ఇంకో విధంగా, ఆధార్ కేంద్రంలో మూడో విధంగా, అంగన్‌వాడీ రిజిస్టరులో నాలుగో విధంగా పడటానికి ఎవరి నిర్లక్ష్యమూ అక్కరలేదు. ప్రతి ఒక్కరూ తమకు అలవాటైన విధంగానే రాశారు. అందరికీ తెలిసిన పేరైతే రాసేవారి చేయి తనంతట తానే ఒక దారి పడుతుంది; ఎన్నడూ వినని పేరైతే ఆ చేతికి ఆధారం ఉండదు. దీనికి సంఖ్యాశాస్త్రం చేర్చిన అదనపు అక్షరం తోడైతే ఏ రెండు కాగితాలూ కలవవు. పైగా నక్షత్రం పేరు కృత్తిక అనీ, అందులో 'త్త' ఉన్నదనీ తెలిసిన టీచరు బడి రిజిస్టరులో దాన్ని 'సరిచేస్తే' తెలుగు రాత కూడా రెండుగా చీలుతుంది. ఆధార్‌లో పేరును జన్మ మొత్తంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. పదో తరగతి మెమోలో పడిన పేరును దిద్దించుకోవడం ఎంత తిరుగుడో ఆ పని చేయించినవారికి తెలుసు. అప్పుడు ప్రమాణ పత్రం, పత్రికా ప్రకటన, గెజిట్ అంటూ తిరగవలసి వస్తుంది.

ఇంటిపేరు దగ్గర మరో మెలిక ఉంది. మనం ఇంటిపేరును ముందు పెట్టి, దాన్ని ఒక్క అక్షరానికి కుదించి రాస్తాం. పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలు కుదరవు. ఇంటిపేరు ఒక గడిలో, సొంత పేరు మరో గడిలో పూర్తిగా రాయాలి. ఇంటిపేరు లేకుండా ఒకే పేరు ఉన్న పాస్‌పోర్టుతో అమెరికా వీసా తీసుకుంటే, ఆ ఒక్క పేరును ఇంటిపేరుగా తీసుకుని, సొంత పేరు ఉండవలసిన చోట 'పేరు తెలియదు' అన్న అర్థం వచ్చే మూడు అక్షరాలు వేస్తారు. ఎంతో వెతికి పెట్టిన పేరు అలా పక్కకు జరిగిపోవడం బాధాకరం. జనన ధ్రువపత్రంలోనే ఇంటిపేరు పూర్తిగా రాయించి, పేరు రెండు మాటలకు మించకుండా చూసుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

ఇంత చెప్పిన తరువాత, అరుదైన పేరు వద్దంటున్నానా? అలా కాదు. నా విన్నపం ఒక్కటే: అరుదును రాతలోనో, వింత శబ్దంలోనో వెతకకుండా, ఆ పేరు ఎవరిది, ఎక్కడిది అన్న దాంట్లో వెతకండి. ఈ నేల మీద అందరూ మరిచిపోయిన పేర్ల సంపద ఉంది. సూర్యాపేట దగ్గర పిల్లలమర్రిలో రేచర్ల రెడ్లు 13వ శతాబ్దపు తొలి దశాబ్దంలో కట్టించిన గుళ్లలో ఒకటి నామేశ్వరాలయం, మరొకటి ఎరకేశ్వరాలయం. నామిరెడ్డి పేరు మీద ఒక శివుడు నామేశ్వరుడయ్యాడు, ఎరకసాని అనే స్త్రీ పేరు మీద ఇంకో శివుడు ఎరకేశ్వరుడయ్యాడు. దేవుడి పేరు బిడ్డకు పెట్టుకోవడం మనకు తెలుసు. ఇక్కడ మనిషి పేరు దేవుడికి వచ్చింది. పాలమూరు వైపు బూదపురం శాసనంతో ముడిపడిన కుప్పాంబిక ఉన్నది. గోన బుద్ధారెడ్డి కూతురైన ఆమెను కొందరు పరిశోధకులు తొలి తెలుగు కవయిత్రిగా గుర్తించారు. నల్లగొండ పానగల్లు చెరువు ఉదయ సముద్రానికి కందూరు చోడుల ఏలిక అయిన ఉదయుడి పేరు ఉన్నది. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల కాలపు ప్రాకృత శాసనాల్లో చాంతిసిరి, బోధిసిరి, కొడబలిసిరి అనే స్త్రీలు ఉన్నారు. స్తూపాలకు, విహారాలకు దానాలు చేసినవారు వారు. నదుల పేర్లూ ఉన్నాయి: కృష్ణ, తుంగ, భద్ర అందరికీ తెలిసినవే, డిండి వాగుకు ఉన్న మరో పేరు దుందుభి అని, మూసీకి పాత పేరు ముచుకుంద అని ఎంతమంది పిల్లలకు చెబుతున్నాం? వీటిలో ప్రతిదీ బిడ్డకు పెట్టదగినదని నేను అనను. దుందుభి అనే రాక్షసుడు కూడా ఉన్నాడు గనుక ఆ పేరు విన్న పెద్దలు ముఖం చిట్లించవచ్చు. కుప్పాంబిక నేటి బడి పిల్లల నోట ఏమవుతుందో ఊహించగలం.

తాతల పేర్లను కూడా ఇదే దృష్టితో చూడవచ్చు. చనిపోయిన తాత పేరు మనవడికి పెట్టడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. మామగారి పేరు పెట్టి కొడుకును పిలవలేని కోడలు ఆ పిల్లవాణ్ణి 'నాయిన' అనో 'తాత' అనో పిలుచుకునేది. నేడు యాదగిరి, సైదులు, కురుమూర్తి అనే పేర్లు బడి హాజరు పట్టీల్లో కనబడటమే తగ్గిపోయింది. హైదరాబాదులోని ఒక తరగతిలో పది మంది విహాన్‌ల మధ్య ఒక్క యాదగిరి ఉంటే, ఎవరికీ లేని పేరు అతనిదే అవుతుంది. పాత పేరును పూర్తి పేరుగా పెట్టడానికి మనసొప్పనివారు దాన్ని రెండో మాటగా చేర్చుకోవచ్చు, లేదా దాని లోపలి ముక్కను తీసుకోవచ్చు. సైదులు నుంచి సైద, జోగులాంబ నుంచి అంబిక, తిమ్మప్ప నుంచి తిమ్మన వస్తాయి. ఒకప్పుడు అవమానంగా మారిన పేరును గౌరవంతో మళ్లీ పిలిపించుకోవడమా, ఆ పేరునే వదిలి ముందుకు వెళ్లడమా అన్నది ఆ ఇంటివారే నిర్ణయించుకోవలసిన విషయం. బయటివారు సలహా ఇవ్వదగినది కాదు.

బోధిసిరినే ఇంతవరకు చెప్పిన ముఖ్యమైన లెక్కలకు నిలబెట్టి చూద్దాం. 'బో' ఉత్తరాషాఢ రెండో పాదపు అక్షరం. ఆ పాదంలో పుట్టిన ఆడబిడ్డకు జన్మనామంగానూ చెల్లుతుంది, మిగిలినవారికి వ్యవహార నామంగా చెల్లుతుంది. అర్థం కోసం జాబితా వెతకనక్కరలేదు. బోధి అంటే జ్ఞానం, సిరి అంటే సంపద, రెండూ తెలుగువారికి తెలిసిన మాటలే. 'శ' 'స'లోకి జారే నాలుకకు ఇక్కడ జారవలసిన పని లేదు, శాసనంలోనే అది 'సిరి'గా ఉన్నది. అచ్చుతో ముగుస్తుంది, పూర్తిగా పలికే ఓపిక లేనివారు బోధి అన్నా, సిరి అన్నా రెండూ మంచి మాటలే అవుతాయి. ఆంగ్ల రాతలో 'ధి' దగ్గర 'హెచ్' ఉంచాలా వద్దా అన్నదే పెద్ద సందేహం. 'సిరి' అలవాటైన మాటే గనుక అక్కడ చేయి తడబడదు. ఆ ఒక్క సందేహాన్ని ఇంట్లోనే తీర్చుకుని, తెలుగు రాత, ఆంగ్ల రాత, పూర్తి ఇంటిపేరు మూడూ ఒక కాగితం మీద రాసి, పంచాయతీ కార్యదర్శికి నోటితో చెప్పకుండా ఆ కాగితమే ఇచ్చి, ధ్రువపత్రం అచ్చు తీసే ముందు అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. ఆధార్ కేంద్రానికి వెళ్లేటప్పుడు ఆ ధ్రువపత్రమే చూపాలి, బడిలో చేర్చేటప్పుడు కూడా దాన్నే చూపాలి.